కోతి కొరికి వదిలేసే కాయ

కొత్తగూడెం నుంచి జూలూరుపాడు వైపు వెళ్తూ, రోడ్డు దిగి అడవి అంచుకు చేరితే రెండు చేలు పక్కపక్కనే కనిపించాయి. మొక్కజొన్న చుట్టూ పాత చీరలు కట్టారు, మధ్యలో మంచె వేశారు. మిరపకు మాత్రం ఏ కాపలా లేదు.

"పగలు కోతులు, రాత్రి పందులు. కంకి పాలు పట్టిందంటే మాకు నిద్ర ఉండదు సార్" అన్నాడు రైతు.

"మరి మిరపో?"

"పందులు తొక్కితే తొక్కుతయి గానీ తినవు. కోతి ఒక కాయ కొరికి చూస్తది, మళ్లా ఆ సాలు దిక్కు రాదు. వాటి బాధకే పల్లి వెయ్యడం మానేసిన."

చెట్టు మీది పండు కాయ ఒకటి తెంపి చీల్చాను. తేజ రకం, ఖమ్మం మార్కెట్‌లో పేరున్న సరుకు. కారం గింజలో ఉంటుందని చాలామంది అనుకుంటారు. కానీ అది పుట్టేది గింజలు అంటుకుని ఉండే లేత పసుపు కండలో. అక్కడ వేలితో రాసి నాలుకకు తాకించానో లేదో, చెవుల దాకా మంట!

ఆ మంటకు మూలం కాప్సైసిన్. మన నోట్లో వేడిని పసిగట్టే గ్రాహకాన్నే అది తట్టి లేపుతుంది. ఆ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. పక్షుల్లో అదే గ్రాహకం కాప్సైసిన్‌కు స్పందించదు. అందుకే మనం కన్నీళ్లు పెట్టుకునే కాయను పిట్ట హాయిగా మింగేస్తుంది.

మొక్కకు దీనివల్ల ఏం లాభం? అమెరికాలోని అరిజోనాలో పెరిగే అడవి మిరపపై ట్యూక్స్‌బరీ, నాభన్ 2001లో ప్రచురించిన పరిశోధన నాకు ఎంతో ఇష్టం. అక్కడి ఎలుకజాతి జంతువులు కారం కాయల్ని ముట్టలేదు. కారం లేని రకం పెడితే తిన్నాయి, కానీ వాటి కడుపులోంచి వచ్చిన గింజల్లో ఒక్కటీ మొలవలేదు. పిట్టల కడుపు దాటిన గింజలు మాత్రం మొలిచాయి. నమిలేవాటిని తరిమి, మింగేవాటిని పిలిచే కాయ అది! బఠాణీ గింజంత సైజు, ఎర్రటి రంగు, ఆకుల మీదికి నిక్కి ఉండే తీరు, పండగానే తొడిమ నుంచి ఇట్టే ఊడిరావడం, అన్నీ పిట్ట ముక్కుకు తగినట్టే ఉంటాయి.

మెక్సికోలో మనిషి దాన్ని సాగులోకి తెచ్చాక మొక్క తీరు మారింది. కిందికి వేలాడే పెద్ద కాయలు, పండినా రాలనివి ఏరుకున్నాం. గింజను ఊరూరా మోసే పని పిట్ట నుంచి మన చేతికొచ్చింది. పోర్చుగీసు వాళ్ల ఓడలెక్కి మిరప మన దేశానికీ చేరింది.

అయితే మిరప వేస్తే బెడద తీరుతుందని రైతుకు సలహా ఇవ్వడం నాకు న్యాయంగా తోచదు. పెట్టుబడి భారీ, కోత కూలీ అంతకన్నా భారం. పైగా కారానికి జడవని జీవులున్నాయి. 2021లో తెలుగు రాష్ట్రాల మిరప మీద పడ్డ నల్ల తామర పురుగుకు కాయతో పనిలేదు, పూలలో చేరి రసం పీల్చేస్తుంది. "ఆ ఏడు పూత నిలవలే సార్. మందులు కొట్టికొట్టి అప్పే మిగిలింది" అన్నాడు రైతు, కళ్లంలో కాయలు తిరగేస్తూ.