గుల్లయైన మొక్కజొన్న

మా చిత్తూరు అంగళ్లయందు వ్రేలాడు రంగురంగుల పొట్లములలో మొక్కజొన్న చిరుతిండ్లు విస్తారము. 1970ల నుండి ఇంగ్లండు బాలురు తినుచున్న మాన్‌స్టర్ మంచ్ ఈ జాతిలోనిదే. రాక్షసి పాదమువంటి ఆకారము, ఊరవేసిన ఉల్లిగడ్డ రుచి! మన దేశమున 1999లో వెలువడిన కుర్‌కురే దానికి జ్ఞాతి. అందు బియ్యపుపిండియు శనగపిండియు కూడ కలియును.

తడిపిన మొక్కజొన్న రవ్వను యంత్రములోని మరచుట్ల కడ్డీ మిక్కిలి వేడిమితో నలిపి, సన్నని రంధ్రమునుండి వెలికి నెట్టును. అణగియున్న నీరు ఒక్కమారుగా ఆవిరియై పిండిని గుల్లగా పొంగించును. వేడి ఇసుకలో బొరుగులు పొంగుటకును ఆవిరియే గదా కారణము! మన బొరుగుల బట్టీవారికి ఈ విద్య క్రొత్తది కాదు.

ఒకనాడు మేము అట్టి తునక నొకదానిని తీసికొని, పైపొడిని తడిగుడ్డతో తుడిచి తింటిమి. మొక్కజొన్న జాడయే నాలుకకు తెలియలేదు. కంకులు కాల్చెడి అవ్వయు ఉప్పు, కారము, నిమ్మరసము పైననే రుద్దును. కాని కొరికినంతనే గింజ తన తీపిని తానే చెప్పును.

ఆ అవ్వ మా బడి వాకిట కూర్చుండుట నిరుడు మానినది. బేరము లేదట. ఆమె కుంపటి యుండిన చోట నిప్పుడు ఐదు రూపాయల పొట్లములు తోరణములై వ్రేలాడుచున్నవి. సెలవులకు తిరుపతి పోవునప్పుడు, కంకులు కాల్చు పొగ యెక్కడనైన కనబడునేమో యని బస్సు కిటికీనుండి చూచుచుందుము.