గుండాల వేడినీరు

భద్రాద్రి రాముని దర్శించినవారు మనలో ననేకులు గలరు. ఆ క్షేత్రమునకు సుమారు 5 కిలోమీటర్ల దూరమున, గోదావరి యొడ్డున నున్న గుండాలను జూచినవారు మాత్రము కొలదిమందియే. అచ్చట నదీతీరపు టిసుకలో గుంట త్రవ్వినచో వేడినీరూరును. శీతకాలమున త్రిమూర్తులు వచ్చి యా నీట స్నానమాడుదురని స్థలపురాణము. మేమా నీటికై పోయిన కారణమును, అచ్చట నేర్చిన పాఠమును మనవి చేయుదుము.

రెండేండ్ల క్రిందట మా చేతులకు వ్యాధి సోకెను. తెల్లవారి లేచునప్పటికి రెండుచేతుల వ్రేళ్లును బిగిసిపోయి, పిడికిలి పట్టుటకు గంటకు పైగా బట్టెడిది. మెటికలు వాచెను. ముగ్గుపిండి వ్రేళ్లసందున నిలువదయ్యె. తడిబట్ట పిండుటయు, పిల్లకు జడ యల్లుటయు దుస్సాధ్యములయ్యెను. బాల్యమున మా నాయనగారు చదివించిన మాధవనిదానమును దిరుగవేసి, యిది ఆమవాతమని మేమే నిశ్చయించుకొంటిమి. డాక్టరమ్మగారు రక్తపరీక్షలు చేయించి, రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అని చెప్పిరి. దేహమును గాపాడవలసిన శక్తియే కీళ్లపై దిరుగబడుట దీని స్వభావమట. పురుషులకంటె స్త్రీలకే రెండు మూడు రెట్లధికముగా వచ్చునట. వారమునకొక్కమారు పుచ్చుకొనుమని మెథోట్రెక్సేట్ మాత్రల నిచ్చిరి. నాలుగు నెలలలో వాపు చాలవరకు దీసెను.

ఇంతలో మా యత్తగారు గుండాల నీటిలో చేతులు ముంచెదమని మ్రొక్కుకొనిరి. మాకును రాముని దయ చాలుననిపించి, ఎవ్వరితోను జెప్పక మాత్రలు మానివేసితిమి.

పుష్యమాసమున కొత్తగూడెములోని భద్రాచలం రోడ్ స్టేషనునొద్ద దిగి, బస్సున బోతిమి. వంతెన దాటునప్పుడు గోదావరి చిక్కి, ఇసుకతిన్నెలు తెల్లగా మెరయుచుండెను. కంచర్ల గోపన్న 17వ శతాబ్దమున గట్టించిన యాలయమున స్వామి చతుర్భుజుడై, సీతమ్మను తొడపై నిడుకొని కూర్చుండును. నాలుగు చేతులవానిని మేము రెండు చేతులనే వేడుకొంటిమి. అంజలి పట్టబోగా నరచేతులు చక్కగా గలియవయ్యెను.

గుండాలలో ఇసుకను ద్రవ్వుటకు మా చేతులే పనికిరావయ్యె! మా యత్తగారు మోకాళ్లపై గూర్చుండి, కొబ్బరిచిప్పతో గుంట త్రవ్విరి. వేడినీట జేతులుంచగా వ్రేళ్లొక్కటొక్కటిగా విచ్చుకొనెను. ఆనందముచే మాకు గన్నీళ్లు వచ్చెను. కాని మరునాటి యుదయమున సత్రములో కాఫీగ్లాసు మా చేతినుండి జారి పడెను. అప్పుడు నిజము చెప్పివేసితిమి. మావారు మాటాడలేదు. అత్తగారు మాత్రము, “నీళ్లలో చేతులు ముంచమన్నాను గాని, మందు మానమన్నానా తల్లీ?” అనిరి.

తిరిగివచ్చి డాక్టరమ్మగారితో జెప్పగా వారు కోపగింపలేదు. వేడి బిగువును సడలించి నొప్పిని దగ్గించును గాని, కీలు చెడిపోవుటను ఆపలేదనిరి. చక్రదత్తమున ఆమవాతమునకు ఇసుకమూటల కాపడము చెప్పబడినది. కాపడము సుఖము నిచ్చును. చికిత్సకు బదులు గాదు. మాత్ర మెల్లగా, కొన్ని వారములకు బనిచేయును. దానిని వారమున కొక్కనాడే మ్రింగవలెను. ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము. డాక్టరు చెప్పినట్లు ఫోలిక్ యాసిడ్ పుచ్చుకొని, రక్తపరీక్షలు చేయించుకొనుచుండవలెను. బిడ్డను గోరువారు ముందుగనే డాక్టరుతో జెప్పి మందు మార్పించుకొనవలెను.

ఇప్పుడు ప్రతి యుదయమును గోరువెచ్చని నీట బదినిమిషములు చేతులుంచి వ్రేళ్లాడింతుము. గిన్నెను రెండరచేతులతో నెత్తుదుము. కత్తిపిడికి గుడ్డ చుట్టి లావు చేసికొంటిమి. తడిబట్టను గొళాయికి జుట్టి మెలిపెట్టుదుము.

చేతినొప్పులన్నియు నీ వ్యాధి గావు. పెద్దవారికి వ్రేళ్ల కొనకీళ్లలో గట్టు ముడులు తరచుగా వేరొక జాతివి. కాని రెండుచేతుల మెటికలును వాచి, ఉదయపు బిగువు అరగంటకు మించి, కొన్ని వారములైనను వీడనిచో, సోదరీమణులారా, ఇంటిపని వలన వచ్చినదని యుపేక్షింపకుడు. తొలి నెలలలో జేసిన చికిత్సయే కీళ్లను ఎక్కువగా గాపాడును.

ఈ సంక్రాంతికి మా వాకిట ముగ్గు కొంచెము వంకరగా వచ్చెను. ఐనను మా చేతి ముగ్గే. మీరును గుండాలకు బోయి రండు, మ్రొక్కు చెల్లించుకొనుడు. మూటలో మాత్రలను మాత్రము మరువకుడు.