ఏ ఆసుపత్రిలో నేర్చుకొందువు?

ఖమ్మము నుండి భద్రాచలము పోవు బాట కొత్తగూడెము దాటిన తరువాత అడవి నడుమ సాగును. పాల్వంచ గడచి సారపాక చేరగానే గోదావరి కనబడును. 1965లో పూర్తియైన వంతెన మీదుగా ఆవలి యొడ్డు చేరువారందరును రాముని దర్శనమునకే పోవుచున్నారని కొత్తవారు తలంతురు. కాని ఆ యూరికి ఏడాది పొడవునను వచ్చువారు మరికొందరు కలరు. ప్రభుత్వ ప్రాంతీయ ఆసుపత్రి ముంగిట ఒక గంటసేపు నిలిచినచో వారిని చూడవచ్చును. చర్ల, దుమ్ముగూడెముల కోయలు, చింతూరు, కూనవరముల కొండరెడ్లు, కుంట వైపు నుండి వచ్చిన ఛత్తీస్‌గఢ్ వారు అచ్చట ఒకే నీడన కూర్చుండి తమ వారి పిలుపునకై ఎదురుచూచుచుందురు.

ఈ సరిహద్దు చిత్రమైనది. భద్రాచలము 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో నుండెను. ఆ యేట ఖమ్మము జిల్లాలో చేరెను. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడినప్పుడు, పోలవరము ముంపునకు లోనగు మండలములను ఆంధ్రప్రదేశమున కలిపిరి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడెను. నేడు భద్రాచలము వీథుల వెంట నడచిపోవువాడు తనకు తెలియకయే ఎటపాకలో, అనగా వేరొక రాష్ట్రములో, అడుగు పెట్టును. ఇది భూగోళ పాఠమువలె తోచును గాని, ఇంటర్మీడియట్ ముగించి నర్సింగు చదువగోరు బాలికకు బ్రతుకు సమస్య. అది ఎట్లో మీకు కొంత ముందునకు పోయిన తరువాత తెలియును.

ఈ అడవి పట్టున నర్సు అవసరము ఎంతటిదో మొదట తెలిసికొనవలెను. వానలు పడగానే మలేరియా గూడెములలో ప్రవేశించును. పొలము గట్టున పాము కాటు. కాన్పు నొప్పులతో నున్న స్త్రీని మంచమునకు కఱ్ఱ కట్టి వాగు దాటించుట. ఇవి ఇచ్చట ఏటేట వినవచ్చు వార్తలు. 2022 జూలైలో గోదావరి భద్రాచలమువద్ద 71.3 అడుగుల వరకు పెరిగెను. చివరిదైన మూడవ ప్రమాద హెచ్చరికను 53 అడుగులకే ఇత్తురు! అట్టి దినములలో బాటలు మునిగినచో వైద్యుడు గూడెమునకు రాజాలడు, రోగి పట్టణమునకు పోజాలడు. ఇవిగాక, తల్లిదండ్రు లిరువురి నుండియు బిడ్డకు సంక్రమించు సికిల్ సెల్ వ్యాధి గిరిజనులలో హెచ్చుగా కనబడును. దానిలో ఎఱ్ఱ రక్తకణములు కొడవలి ఆకారమునకు మారి, సన్నని నాళములలో అడ్డుపడి, తాళలేని నొప్పిని కలిగించును. 2047 నాటికి దానిని రూపుమాపవలెనని 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వము ఒక ఉద్యమమును ప్రారంభించినది. అందులకై గూడెము గూడెమునకు పోయి, రక్తము పరీక్షించి, ఫలితమును ఇంటివారికి తెలియునట్లు చెప్పవలసినవారెవరు? అది చాలవరకు నర్సుల పనియే.

నర్సనగా వైద్యుని వెనుక పళ్ళెము పట్టుకొని నడచునదని కొందరి తలంపు. వైద్యుడు ఒక్కొక్క రోగి వద్ద కొన్ని నిమిషములు మాత్రమే నిలువగలడు. రాత్రి పన్నెండింటికి ఆ రోగి ఊపిరి మారినచో మొదట గుర్తింపవలసినది నర్సు. కాన్పైన స్త్రీకి రక్తస్రావము ఆగినదా లేదా చూచుటకు, పొత్తికడుపుపై చేయి యుంచి గర్భాశయము గట్టిపడినదా యని పరీక్షింపవలెను. మెత్తగా నున్నచో వెంటనే మర్దన చేసి వైద్యుని పిలువవలెను. పుస్తకములో ఇది ఒక వాక్యము. దానిని చేతికి నేర్పునది పుస్తకము కాదు. అనుభవము గల నర్సు ప్రక్కన నిలిచి చూపగా, పలుమారులు తానే చేసినప్పుడు మాత్రమే అబ్బును.

ఫ్లారెన్సు నైటింగేలు 1860లో లండను నగరమున తన శిక్షణాలయమును సెయింట్ థామస్ ఆసుపత్రిలోనే నెలకొల్పినది ఇందుకే. మన దేశమున వేలూరులో ఐడా స్కడ్డరు 1909లో నర్సుల శిక్షణ ఆరంభించినప్పుడును ఆసుపత్రి ముందు, బడి తరువాత. నర్సింగులో పట్టపు చదువు మన దేశమున 1946లో ఢిల్లీలోను వేలూరులోను మొదలైనది. ఇప్పుడు బి.యస్సీ. నర్సింగు నాలుగు సంవత్సరముల చదువు. మూడేండ్ల జి.ఎన్.ఎం., రెండేండ్ల ఎ.ఎన్.ఎం. శిక్షణలును కలవు. ఎ.ఎన్.ఎం. చదివినవారిని చిన్నచూపు చూచువారు, గూడెమున పసిబిడ్డకు టీకా వేయునది ఆమెయే యని మరచుచున్నారు.

ఇప్పుడు చర్ల వైపు గూడెమున పుట్టి, భద్రాచలమున వసతిగృహములో నుండి ఇంటర్మీడియట్ నెగ్గిన ఒక బాలికను ఊహించుకొనుడు. వేసవిలో ఆమె యింటికి ఒక పెద్దమనిషి వచ్చును. అతని చేతిలో రంగుల పుస్తకము. దానిపై నాలుగంతస్తుల భవనము, పూలతోట. కళాశాల బెంగుళూరులో నున్నదనును. ప్రవేశపరీక్ష బాధ లేదనును. చదువు కాగానే విదేశములలో కొలువు సిద్ధమనును. మొదటి యేటి సొమ్ములో సగము నేడే కట్టినచో సీటు నిలుపుదుననును. తండ్రి రానున్న మిరపపంటపై అప్పు తేవలెనని లెక్కలు వేయసాగును. పరరాష్ట్ర కళాశాలలన్నియు చెడ్డవి యని ఎవరును అనరాదు. వేలూరు పరరాష్ట్రమే కదా! కాని ఇంటి ముంగిటికి వచ్చి సీటు అమ్మువాడు, ఆ కళాశాలకు చెందిన ఆసుపత్రిలో పడకలెన్ని యని అడిగినచో సాధారణముగా మాట మార్చును.

ఆ బాలిక తెలివిగలది. ఆమె సొమ్ము కట్టనీయక, భద్రాచలము ఆసుపత్రిలో పనిచేయు ఒక నర్సు వద్దకు తండ్రిని వెంటబెట్టుకొని పోయినదనుకొనుడు. అనుభవముగల నర్సు చెప్పు మాటలు ఇట్లుండును.

“చెల్లీ, కళాశాలను చూడవలదు, దాని ఆసుపత్రిని చూడుము. కనీసము నూరు పడకల ఆసుపత్రి యుండవలెననియు, ఒక్కొక్క విద్యార్థినికి ముగ్గురు రోగులైన ఉండవలెననియు భారత నర్సింగు మండలి నియమము. పడకలున్న చాలదు, పడకలపై రోగులుండవలెను. ప్రసూతి వార్డు, పిల్లల వార్డు, శస్త్రచికిత్స గది మూడును పనిచేయుచున్నవా? మూడవ సంవత్సరపు విద్యార్థిని నొకతెను పట్టుకొని, ఎన్ని కాన్పులు చేసితివక్కా, ప్రక్కన ఎవరు నిలిచిరి, అని అడుగుము. ఆమె తన కేసుల పుస్తకము చూపగలిగినచో మంచిది. అందరి పుస్తకములలోను ఒకే వ్రాత, ఒకే కేసు ఉన్నచో లేచి వచ్చివేయుము.”

“మరి సర్టిఫికెట్టు విలువ ఎట్లు తెలియునక్కా?”

“వారి రంగుల పుస్తకమును నమ్మవలదు. విశ్వవిద్యాలయము తాను ప్రకటించిన పట్టికలో ఆ కళాశాల పేరున్నదా? రాష్ట్ర నర్సింగు మండలి దానిని ఒప్పుకొనినదా? చదువైన పిమ్మట ఆ మండలిలో పేరు నమోదు కాకున్నచో నీవు నర్సువే కావు. నాలుగేండ్లును, అప్పును గోదావరి పాలగును.”

సొమ్ము సంగతి తండ్రి అడుగును. విశ్వవిద్యాలయము ప్రతిభనుబట్టి నింపు కన్వీనరు కోటా సీటు వచ్చినచో గిరిజన విద్యార్థినికి ప్రభుత్వము ఫీజు చెల్లించు ఏర్పాటు కలదు. యాజమాన్య కోటాలో చేరినచో ఆ సాయము ఉండదు. ఈ ఒక్క భేదము తెలియక అప్పులపాలైన కుటుంబములు గలవు. నాలుగేండ్లకును కట్టవలసిన మొత్తమును, వసతి, భోజనము, దుస్తులు, పరీక్ష రుసుములతో సహా, కాగితముపై వ్రాసి ఇమ్మని అడుగుట మర్యాదకు భంగము కాదు. ఇయ్యమనువారి వద్ద చేరకుండుటయే మేలు.

ఇచ్చటనే సరిహద్దు మాట వచ్చును. ఆ బాలికతో ఒకే గదిలో నుండి చదివిన స్నేహితురాలి ఇల్లు ఎటపాకలో నున్నదనుకొనుడు. ఒకరికి వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయము, మరియొకరికి 1986లో విజయవాడలో స్థాపింపబడిన ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయము అని ఇంటిని చూచి నిర్ణయింపరాదు. స్థానికత చాలవరకు చదివిన చోటునుబట్టి యుండును. ఇంటర్మీడియట్ వరకు చివరి నాలుగేండ్లు ఎచ్చట చదివిరను సంగతి ముఖ్యము. గిరిజనులకు కేటాయించిన సీట్లు తెలంగాణమున 2022 నుండి నూటికి పది, ఆంధ్రప్రదేశమున ఆరు. కాబట్టి ఇల్లు ఆంధ్రమున, చదువు తెలంగాణమున గల బాలిక, రెండు ప్రకటనలను పూర్తిగా చదువక ముందే తనకు సీటు రాదని దిగులుపడరాదు, వచ్చునని నిశ్చింతగా నుండరాదు. తొమ్మిదవ తరగతి నుండి గల స్టడీ సర్టిఫికెట్లును, కుల ధ్రువపత్రమును వేసవిలోనే తెచ్చుకొని ఉంచవలెను. కార్యాలయములలో కాగితము కదలు వేగము అందరును ఎరిగినదే.

మరియొక చిక్కు కలదు. పాఠములన్నియు ఆంగ్లములో నుండును. తెలుగులో చదివి వచ్చిన పిల్లలు మొదటి యేడు శరీరనిర్మాణ శాస్త్రము వద్ద తడబడుదురు. కొందరు సిగ్గుపడి చెప్పుకొనలేక ఇంటికి వచ్చివేయుదురు. అందుచేత, మొదటి యేట చేరినవారిలో ఎందరు రెండవ యేటికి మిగిలిరి అను ప్రశ్నను తప్పక అడుగవలెను. ఇందులో మన బాలికకు ఒక మేలును కలదు. తెలుగు రాని కోయ ముసలవ్వ నొప్పి ఎచ్చటనో చెప్పలేక ఏడ్చునప్పుడు, ఆమె భాషలో అడుగగల నర్సు వార్డులో ఒకతె యున్నను చాలును. ఆ విద్య ఏ కళాశాలయు నేర్పదు. ఆమెకు తల్లి నేర్పినది.

తండ్రియు కూతురును బస్సెక్కి పట్టణమునకు పోయి రెండు ఆసుపత్రులను చూచిరనుకొనుడు. మొదటిదానిలో నేల అద్దమువలె మెరయుచున్నది. కిటికీలకు కొత్త తెరలు. దుప్పట్లు మడత నలుగలేదు. వార్డులో ముగ్గురు రోగులు, పదునెనిమిదిమంది విద్యార్థినులు. తండ్రికి అది మిక్కిలి నచ్చెను. రెండవదానిలో ఫినాయిలు వాసన, జనసమ్మర్దము, నడవలో సయితము మంచములు. ఒక విద్యార్థిని సెలైను సీసా మార్చుచుండగా పెద్ద నర్సు ఆమె మణికట్టు పట్టుకొని సరిదిద్దుచుండెను. మరియొకతె బిడ్డను తూచి బరువు వ్రాసికొనుచుండెను.

“ఇంత ఇరుకులో ఎట్లు చదువుదువమ్మా?” అని తండ్రి అడిగెను.

“మన ఆసుపత్రియు ఇట్లే యుండును గదా, నాయనా!” అని ఆమె బదులు చెప్పెను.

తిరుగు బస్సునకు ఇంకను గంట వ్యవధి యుండెను. ఆమె ఆవరణలోని అరుగుపై కూర్చుండి, వెబ్ ఆప్షన్లలో పెట్టదలచిన కళాశాలల పేర్లను కాగితముపై వరుసగా వ్రాయసాగెను. రంగుల పుస్తకము తెచ్చిన పెద్దమనిషికి ఏమని చెప్పవలెనో తండ్రి ఆలోచించుచుండెను.