పేరు కోసం అన్వేషణ

పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజులలో ప్రాచీన కవుల కాలనిర్ణయం కోసం ఎన్నో శాసనాలను, కావ్యావతారికలను పరిశీలించాను. మన కవులలో చాలామంది అవతారికలలో తమ తల్లిదండ్రుల పేర్లు, గోత్రం, వంశం చెప్పుకొన్నారు. తనను గురించి ఒక్క అక్షరమైనా రాసుకొనే అవకాశం లేని మనిషి చరిత్రను అతని వారసులు ఎలా తెలుసుకొంటారన్న ఆలోచన ఆనాడు నాకు రాలేదు. అమెరికాలోని నల్లజాతి కుటుంబాలవారు తమ పూర్వికుల కోసం సాగించే అన్వేషణను గురించి చదివినప్పుడు ఆ ప్రశ్న నన్ను కదిలించింది.

పంతొమ్మిదో శతాబ్దానికి చెందిన పూర్వికుని జాడ వెతికే అమెరికన్లు మొదట జనాభా లెక్కలను ఆశ్రయిస్తారు. 1850 నుండి ఆ లెక్కలలో స్వతంత్రులందరి పేర్లూ నమోదయ్యాయి. బానిసలకు మాత్రం వేరే పట్టిక ఉండేది. 1850, 1860 సంవత్సరాల పట్టికలలో యజమాని పేరు కింద వారి వయస్సు, లింగం, శరీరవర్ణం రాశారే కాని, సాధారణంగా పేరు రాయలేదు. 1860 నాటికి వారి సంఖ్య దాదాపు 40 లక్షలు. 1865లో బానిసత్వం రద్దయింది. వారిలో అత్యధికుల పేర్లు జనాభా లెక్కలకెక్కింది 1870లోనే. అంతకు వెనుకకు వెళ్ళదలచిన వారసునికి అక్కడ దారి మూసుకొనిపోతుంది.

ఇక మిగిలినవి యజమానుల వీలునామాలు, ఆస్తుల జాబితాలు, క్రయపత్రాలు. వాటిలో గుర్రాలు, పశువులు, మంచాల నడుమ ఒక తల్లి పేరు, ఆమె బిడ్డ పేరు, వాటి ఎదుట ఒక వెల కనిపిస్తాయి. ముత్తవ్వ పేరు దొరికిందన్న సంతోషం, ఆమెకు కట్టిన ధరను చూచిన దుఃఖం ఒకే పంక్తిలో కలుగుతాయి.

మేరీలాండ్‌లో బానిసగా పుట్టి, 1838లో తప్పించుకొని, మహావక్తగా, రచయితగా ఎదిగినవాడు ఫ్రెడరిక్ డగ్లస్. తన వయస్సు తనకు తెలియదని 1845లో వెలువడిన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. 1817లో పుట్టి ఉంటానని తరువాత ఊహించాడు. నిజం తెలియకుండానే 1895లో కన్నుమూశాడు. ఎన్నో దశాబ్దాల తరువాత పరిశోధకులు పరిశీలించిన యజమాని ఖాతాపుస్తకంలో, హారియెట్ కుమారుడు ఫ్రెడరిక్ 1818 ఫిబ్రవరిలో పుట్టినట్లు రాసి ఉంది. మనిషిని సొత్తుగా లెక్కించిన పుస్తకమే చివరకు అతని పుట్టుకకు సాక్ష్యమైంది.

ఆ తరువాత శాసనాలను చూచే నా దృష్టి మారింది. చెరువు తవ్వించిన ప్రభువు పేరు శిలపై చదివినప్పుడల్లా, దానిని తవ్విన కూలీల పేర్లేమిటన్న ప్రశ్న నాలో మెదులుతుంది. వారి పేర్లు ఇక దొరకవు. కాని మన ఇంటి పెద్దల పేర్లు ఇంకా పోలేదు. విద్యార్థులారా! మీ నాయనమ్మగారి తల్లి పేరు మీలో ఎందరికి తెలుసు? ఈ రోజే అడిగి, రాసి ఉంచండి.