గోతం నిండా పాత చెక్క

గుండుగొలను దగ్గర హైవే రెండుగా చీలుతుంది. పాతది తాడేపల్లిగూడెం, తణుకు మీదుగా పోతుంది, కొత్తది దేవరపల్లి మీదుగా కొవ్వూరు చేరుతుంది. ఆ చీలికకు కాస్త ఇవతల, మూతపడ్డ ధాన్యం మిల్లు షెడ్డులో బ్యూక్ కారొకటి అమ్మకానికి ఉందంటే వెళ్లాను. 1934 నాటిది, టాపు వెనక్కి మడిచే రకం.

ముందు భాగం కొత్త పెళ్లికూతురిలా ఉంది. తలుపు దాటితే ఎర్ర ప్రైమరు. ఆ వెనక రేకే లేదు, ఉత్త చెక్క చట్రం. నాకైతే అక్కడే కాళ్లు ఆగిపోయాయి. ఆ రోజుల్లో బ్యూక్ తయారుచేసే జనరల్ మోటార్స్ బాడీకి లోపల చెక్క కట్టి పైన రేకు తొడిగేవారు. మామూలు కారులో పైకప్పు నాలుగు వైపులనూ పట్టి ఉంచుతుంది. టాపు లేని కారుకి ఆ ఆసరా ఉండదు. బరువంతా కింద ఛాసిస్ మీదా, ఈ చెక్క నిట్రాళ్ల మీదా పడుతుంది. ఒక్క నిట్రాడు కొంచెం ఒరిగినా తలుపు పడదు. దానికి తోడు కొల్లేటి గాలి! కాన్వాసు కింద చెమ్మ చేరిందంటే మరమేకు తుప్పు పడుతుంది, దాని చుట్టూ చెక్క చివుకుతుంది.

నిట్రాళ్లు టేకుతో మళ్లీ చేసింది కొల్లేటి ఒడ్డున పడవలు కట్టిన వడ్రంగి. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో అతని చేతికి తెలుసు. ప్రతి అతుకూ నీరు జారేలా ఏటవాలుగా చెక్కాడు. ఇంత మంచి పని మీద రేపు రేకు కప్పేస్తారే అని మనసు గుంజింది.

కారు యజమాని అయిన పెద్దాయన ఇంజను వేశాడు. ఎనిమిది సిలిండర్లూ ఒకే వరసలో ఉంటాయి, ఆ బానెట్ అంత పొడవు అందుకే. దూలాల మీది పావురాళ్లు లేవలేదు.

"సగానికి ఎనిమిదేళ్లు పట్టిందండి. మిగతా సగానికి నాకంత ఓపిక లేదు."

డీజిలింజను పెట్టి పెళ్లి ఊరేగింపులకు తిప్పుతామని ఒకరు మంచి ధరే ఇస్తామన్నారట. ఆయన ఒప్పుకోలేదు. అదే సరైన పని. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికే వింటేజ్ రిజిస్ట్రేషన్. 'వీఏ' అక్షరాలతో నంబరు, 20,000 రూపాయల రుసుము, పదేళ్ల గడువు. బాడుగకు తిప్పకూడదు. నిబంధన లేకపోయినా ఆ ఇంజను పీకడం తప్పే. తొంభై ఏళ్లు దాటి బతికిన గుండె అది.

నా దగ్గర అంత డబ్బు లేదు. ఆ మాటే చెప్పాను. ఆయన ఏమీ అనుకోలేదు, మూలనున్న గోతం విప్పి చూపించాడు. తీసేసిన పాత చెక్క ముక్కలు, ఒక్కోదాని మీదా సుద్దతో అంకె. కొలతకు అవే ఆధారం.

"కొన్నవాళ్లకి ఇది కూడా బండితోనే ఇస్తానండి," అంటూ మూతి మళ్లీ జాగ్రత్తగా కట్టాడు.