పావురం ఎవరిది? గింజలు ఎవరివి?

ఈ వారం ఆన్సర్ రైటింగ్‌లో నాకు బాగా మార్కులు తగ్గిన ప్రశ్న: వన్యప్రాణి సంరక్షణలో స్థానికుల పాత్ర. చట్టాలు, షెడ్యూళ్లు వరసగా రాసేశాను. "మనుషులెక్కడ?" అని పక్కన ఎర్రసిరాతో రాసి ఇచ్చారు. ఇంజినీరింగ్‌లో ఫార్ములా రాస్తే సగం మార్కులొచ్చేవి, ఇక్కడ రావు.

అప్పుడు మా తాత గుర్తొచ్చాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి పోర్ట్‌బ్లెయిర్‌లో స్థిరపడిన కుటుంబం మాది. తాత డాబా మీద చెక్కపెట్టెల్లో పావురాలు పెంచేవాడు. పక్కింటి పిన్ని ఆరబోసిన బియ్యం అవి తినేసేవి. ఆవిడ గొడవకొస్తే, "పక్షులు తింటే ఏం పోయింది?" అనేవాణ్ణి.

ఫ్రెంచి విప్లవం చదివాక గానీ ఆవిడ కోపం అర్థం కాలేదు. అక్కడ చాలాచోట్ల పెద్ద పావురాల గోపురం కట్టుకునే హక్కు భూస్వామిదే. పక్షులు రైతు చల్లిన విత్తనాలు తినేవి. మాంసం, ఎరువు మాత్రం దొరకి. 1789 ఆగస్టు 4 రాత్రి మొదలైన భూస్వామ్య హక్కుల రద్దులో ఈ గూళ్ల హక్కు కూడా పోయింది. నష్టం ఒకరిది, లాభం ఇంకొకరిది అయితే ఆ ఏర్పాటు నిలవదు.

మన దీవుల్లోనూ ఇలాంటి లెక్కే ఉంది. ఉత్తర అండమాన్ గుహల్లో స్విఫ్ట్‌లెట్ పిట్ట తన లాలాజలంతో గూడు కడుతుంది. చైనా సూప్ కోసం ఆ గూటికి విపరీతమైన ధర. ఈరోజు నేను తీయకపోతే రేపు ఇంకొకడు తీస్తాడని, గుడ్లున్న గూళ్లనూ పీకేసేవారు. పిట్టల సంఖ్య పడిపోయింది. పక్షి శాస్త్రవేత్త రవి శంకరన్, అటవీశాఖ కలిసి గూళ్లు తీసేవాళ్లనే కాపలాకు పెట్టారు. పిల్లలు ఎగిరిపోయాక ఖాళీ గూడు తీసుకుంటే పిట్టా బతుకుతుంది, మనిషీ బతుకుతాడన్నది ఆలోచన. గుహల బయట ఇళ్లలోనూ వీటిని పెంచే ప్రయత్నం జరిగింది. ఈలోగా పిట్ట షెడ్యూల్-1లో చేరింది. దాంతో ఖాళీ గూడు తీసినా నేరమే. కాపలా కాసేవాడికి దక్కేదేమిటి? చివరికి 2009లో దాన్ని ఆ జాబితా నుంచి తప్పించారు.

నా జవాబులో షెడ్యూల్ ఉంది, ఆ కాపలాదారు లేడు.

మా తాత ఇవేవీ చదవలేదు. పిన్ని బియ్యం ఆరబోసిన రోజు సాయంత్రం దాకా పెట్టె తలుపు తీసేవాడు కాదు. పిల్లలు ఎదిగాక ఒక జత ఆవిడకిచ్చేవాడు. తర్వాత పిల్లి వస్తే ముందు కేకేసింది ఆవిడే.

సాధన ప్రశ్న: మీ ఊళ్లో ఏ జంతువు వల్ల ఎవరికి నష్టం, ఎవరికి లాభం? 150 పదాల్లో రాయండి. మొదటి వాక్యంలోనే మనిషి కనపడాలి.