మంచు కమలం ఊరి నుంచి

దెచిన్, యునాన్
బుధవారం రాత్రి

అక్కా,

షాంగ్రీ-లా నుంచి కొండదారిన ఇక్కడికి చేరాం. ఎదురుగా ఖవా కార్పో, 6,740 మీటర్లు. టిబెటన్లకు ఆ కొండే దేవుడు. చుట్టూ ప్రదక్షిణ చేస్తారు గాని ఎక్కరు.

బజారులో ఎండబెట్టిన మంచు కమలాలు పేర్చి అమ్ముతున్నారు. టిబెటన్ వైద్యులు ఈ పువ్వును తలనొప్పికి, రక్తపోటుకు, ఆడవాళ్ళ నెలసరి బాధలకు వాడతారు. పేరుకు కమలమే గాని చేమంతి కుటుంబానిది. కేదారనాథ్‌లో నువ్వు చూసిన బ్రహ్మకమలానికి దగ్గరి చుట్టం. మన పెరట్లో రాత్రిపూట పూసే బ్రహ్మకమలం మాత్రం వేరు, అది కాక్టస్ జాతి. రేపు పైకి వెళ్తున్నాం.

నీ తమ్ముడు

దెచిన్
శనివారం

అక్కా,

పువ్వును దాని చోటనే చూశాను. 4,000 మీటర్ల పైన, చెట్టూ చేమా ఆగిపోయాక, కాలు పెడితే జారే రాళ్ళలో ఉంది. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలా ఒళ్ళంతా తెల్లటి నూగు. చలి నుంచీ ఎండ నుంచీ దాన్ని కాచేది ఆ నూగే.

ఏళ్ళ తరబడి ఆకులతోనే బతికి, ఒక్కసారి పూసి, విత్తనాలు రాల్చి చచ్చిపోతుంది. విత్తనం తప్ప వంశం నిలబడే దారి లేదు. మందుకు కోసేదేమో పూత మీదున్నప్పుడే, అదీ పొడుగాటివి ఏరి మరీ.

వేన్ లా, జాన్ సాలిక్ అనే వృక్షశాస్త్రజ్ఞులు వందేళ్ళకు పైగా దాచిన ఎండు నమూనాలను కొలిచి, 2005లో ఫలితం ప్రకటించారు. ఈ మొక్క పొట్టిదైపోతోంది. దీని దాయాది, జనం అంతగా కోయని మెడూసా రకం, మారలేదు. ఖవా కార్పో పవిత్ర నేలలో పెరిగినవి, కోత ఎక్కువున్న చోటివాటికంటే పొడుగ్గా ఉన్నాయి. పొడుగువి విత్తనం పెట్టకముందే పోతే, వంశం పొట్టివాటిదేగా! మనిషి చెయ్యి ఒక జాతి రూపాన్నే మార్చేసింది.

వైద్యుడు తన రోగుల కోసం కోసుకునేది ఒక ఎత్తు, దేశదేశాల కొనుగోలుదార్ల కోసం కోసేది మరో ఎత్తు. ఈ రెండోదాన్ని ఆపడం మనలాంటివాళ్ళ చేతిలోనే ఉంది. అమ్మ నొప్పులకు ఇక్కడి మందేదైనా తెమ్మన్నావు. ఈ పువ్వు మాత్రం తేను. మనవాళ్ళెవరైనా ఇటు వస్తే, చూసి రమ్మను, కొనవద్దని చెప్పు.

నీ తమ్ముడు